కంప్యూటరుకు ఆటో స్టార్టరు

పొలంలో మోటారుకు ఆటో స్టార్టరు బిగించుకున్న రైతుకు ఈ వ్యాసంలోని సగం విషయం ముందే తెలుసు. కరెంటు ఏ అర్ధరాత్రి వచ్చినా లేచి పొలానికి పోనక్కరలేదు, మోటారు తనంతట తానే తిరుగుతుంది. పాల సేకరణ కేంద్రంలోని కంప్యూటరుకు కూడా ఇటువంటి ఏర్పాటే ఉండాలి. అది ఎట్లా పనిచేస్తుంది, ఎక్కడ మోసం చేస్తుంది అన్నది సభ్యులందరూ తెలుసుకోవడం అవసరమని తలచి ఇక్కడ వివరిస్తున్నాము.

కేంద్రంలో కంప్యూటరు చేసే పని చూడడానికి చిన్నదే. సభ్యుని నంబరు కొట్టగానే కాటా నుంచి పాల బరువు, ఎనలైజరు నుంచి వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. వైరు ద్వారా దానికి అందుతాయి. రేటు పట్టీ చూసి సొమ్ము లెక్కకట్టి రసీదు అచ్చువేస్తుంది. ఈ ఆదేశాలన్నీ వరుసగా రాసిపెట్టిన దానిని స్క్రిప్టు అంటారు. మామూలు స్క్రిప్టు పని కాగానే ముగిసిపోతుంది. ఇది అట్లా కాదు. మొదటి క్యాను రాకముందు మొదలై చివరి క్యాను పోయేదాకా ఆగకుండా నడవాలి. విజయవాడ-తెనాలి రైలు మార్గంలో ఉన్న కొలకలూరు వంటి ఊళ్లలో పాలు పోసి బండి అందుకోవలసిన వారు కూడా ఉంటారు. వరుసలో నలభై మంది నిలబడి ఉండగా తెర నల్లబడితే ఎవరి ఓపిక ఎంతసేపో చెప్పనక్కరలేదు. పూర్వం గెర్బర్ పరీక్ష, చేతిరాత రిజిస్టరు ఉన్నప్పుడు దీపం వెలిగించుకొని రాసేవారు. రిజిస్టరు కరెంటు పోయిందని ఆగలేదు. ఆ ఒక్క సుగుణం మాత్రం కంప్యూటరుకు మనం కొని తెచ్చి ఇవ్వవలసిందే.

తెనాలి ప్రాంతంలో ఒక సంఘంలో జరిగిన సంగతి చెబుతాము. సంఘం పేరుతో పని లేదు. ఒక సోదరి ఉదయం పూట గేదె పాలు నాలుగు లీటర్లు పోసి రసీదు తీసుకొన్నది. అదే క్షణాన కరెంటు పోయింది. రెండు నిమిషాలకు కరెంటు వచ్చింది, కంప్యూటరు లేచింది, సేకరణ సాగింది. అందరూ సంతోషించారు. పది రోజుల తరువాత బిల్లులో ఆ నాలుగు లీటర్లు లేవు. ఆమె రసీదు దాచుకొన్నది కాబట్టి సొమ్ము చేతికి వచ్చింది. లేకపోతే మాటకు మాట, సాక్ష్యానికి సాక్ష్యం.

లోపం ఎక్కడ? ఆ ప్రోగ్రాము ముందు రసీదు అచ్చువేసి, తరువాత ఖాతాలో రాసుకొనేది. రెంటికీ నడుమ కరెంటు పోయింది. కాబట్టి మొదట ఖాతాలో రాసి, డిస్కు మీద చేరిందని రూఢి చేసుకొన్న తరువాతనే రసీదు ఇవ్వాలి. తిరిగి లేచినప్పుడు చివరి రసీదు నంబరు ఎంతో ఖాతా చూసి అక్కడి నుంచే సాగించాలి. దీనికి వ్యతిరేకమైన ప్రమాదం కూడా ఉన్నది. డెయిరీకి పద్దు పంపాక జవాబు రాకముందే కంప్యూటరు ఆగితే, లేచిన తరువాత అదే పద్దును మళ్లీ పంపుతుంది. అప్పుడు పాలు ఒకసారి, లెక్క రెండుసార్లు. ప్రతి పద్దుకు విడి నంబరు ఉంటే డెయిరీ కంప్యూటరు రెండవ దానిని పక్కన పెడుతుంది. సభ్యుని నంబరు, తేదీ, పూట చాలవా అని అడుగుతారు. చాలవు. ఆవు పాలు, గేదె పాలు ఒకే పూట విడివిడిగా పోసేవారు ఉన్నారు కదా! వరుస నంబరు కూడా కలపాలి.

ఇక తిరిగి లేపే పద్ధతి. ప్రోగ్రాము ఆగడం రెండు రకాలు. చచ్చి ఆగడం ఒకటి, బ్రతికి ఉండి ఉలుకూ పలుకూ లేకపోవడం రెండవది. మొదటి దానికి మందు సులభం. ప్రధాన ప్రోగ్రామును మరొక కాపలా ప్రోగ్రాము చేత మొదలుపెట్టించాలి. పిల్ల ప్రోగ్రాము ముగిసిందని ఆపరేటింగ్ సిస్టమే తల్లికి కబురు చేస్తుంది, తల్లి మళ్లీ మొదలుపెడుతుంది. లినక్స్ కంప్యూటర్లలో చాలావాటిలో ఈ కాపలా పని 2010లో వెలువడిన సిస్టమ్‌డీ చేస్తున్నది. విండోస్‌లో సర్వీసుగా పెట్టిన ప్రోగ్రాముకు అటువంటి ఏర్పాటే ఉన్నది.

రెండవ రకం కష్టం. వైరు వదులై ఎనలైజరు నుంచి అంకె రాక, ప్రోగ్రాము దాని కోసం కాచుకొని కూర్చుంటుంది. చావలేదు కనుక తల్లికి కబురు ఉండదు. దీనికి వాచ్‌డాగ్, అనగా కాపలా కుక్క అనే పద్ధతి పెట్టారు. ప్రోగ్రాము ముప్పై సెకన్లకో, మనం పెట్టిన గడువుకో ఒకసారి తాను బాగున్నానని చెప్పాలి. గడువు దాటితే కాపలా ప్రోగ్రాము దానిని బలవంతాన ఆపి, తిరిగి మొదలుపెడుతుంది.

అయితే ఆటో స్టార్టరుకు కరెంటు వచ్చిందని తెలుసును గాని, బోరులో నీరు ఉన్నదీ లేనిదీ తెలియదు. ఎండిన బోరులో మోటారును లేపితే మోటారు కాలిపోతుంది. కంప్యూటరులోనూ అంతే. డిస్కు నిండిపోయి ప్రోగ్రాము ఆగితే, ఎన్నిసార్లు లేపినా ఆగుతూనే ఉంటుంది. అందుకే సిస్టమ్‌డీలో మనం మార్చకపోతే పది సెకన్లలో ఐదుసార్లు లేపి, ఆపైన చేతులెత్తేస్తుంది. ఇక్కడ ఒక చిక్కు. మన కుర్రవాళ్లు జాగ్రత్త కోసం ఒక్కొక్కసారికి ఐదు సెకన్లు ఎడం పెడతారు. అప్పుడు పది సెకన్లలో ఐదుసార్లు అనేది ఎన్నటికీ నిండదు, లేపడం రాత్రంతా సాగుతుంది. ఎడం పెంచినప్పుడు ఆ పది సెకన్ల గడువును కూడా ఐదు నిమిషాలకో పది నిమిషాలకో పెంచాలి. హద్దు దాటగానే కార్యదర్శి ఫోనుకు కబురు పోయే ఏర్పాటు ఉండాలి.

లేపడం వేరు, బాగుచేయడం వేరు. 1997 జూలై 4న అంగారకుని మీద దిగిన పాత్‌ఫైండర్ నౌకలోని కంప్యూటరు కొద్ది రోజులకే పదేపదే తిరిగి మొదలవసాగింది. ముఖ్యమైన పని ఒకటి, తనకంటే తక్కువ ప్రాధాన్యం గల పని వదలవలసిన దాని కోసం ఆగిపోవడం, గడువు దాటిందని కాపలా ఏర్పాటు అంతా మళ్లీ మొదలుపెట్టడం జరిగింది. నౌక క్షేమంగానే ఉన్నది, కాని ప్రతిసారీ ఆనాడు మిగిలిన పని మరునాటికి వాయిదా పడేది. శాస్త్రజ్ఞులు భూమి మీద నమూనా యంత్రంలో అదే లోపాన్ని పుట్టించి, కారణం పట్టుకొని, సవరణను ఇక్కడి నుంచే పంపారు. మన ప్రోగ్రాము కూడా ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది అన్నది ఒక చిట్టాలో రాసుకోవాలి. వారంలో నాలుగుసార్లు లేచిన కంప్యూటరును నమ్మకమైనదని మెచ్చుకోరాదు.

మరొక సంగతి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసివేయవలసిందిగా రైతులను కోరారు. అవసరం లేకున్నా మోటార్లు నడిచి భూగర్భ జలం తగ్గడం ఒకటి, అన్నీ ఒకేసారి లేచి ట్రాన్స్‌ఫార్మరు మీద భారం పడడం మరొకటి. మనకూ ఇదే జరుగుతుంది. ఒక సబ్‌స్టేషను కింది ఊళ్లన్నిటికీ కరెంటు ఒకేసారి వస్తే, సంఘాల కంప్యూటర్లన్నీ ఒకే క్షణంలో డెయిరీ కంప్యూటరును పిలుస్తాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క వ్యవధి ఆగి పిలిచేటట్లు ప్రోగ్రాములోనే పెట్టించాలి.

యంత్రాన్ని కొన్నవారు దానిలోని రెండు చిన్న ఏర్పాట్లను కూడా అడిగి తెలుసుకోవాలి. కరెంటు రాగానే కంప్యూటరు మీట నొక్కకుండా లేచేటట్లు లోపల పెట్టవలసిన ఏర్పాటు ఒకటి. అది లేనప్పుడు పై చెప్పినదంతా వృథా. రెండవది, గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ. అది అయిపోతే కంప్యూటరు పాత తేదీతో లేవవచ్చు, పాలు ఏ పూటకో ఏ తేదీకో జమపడతాయి. తిరిగి లేచిన వెంటనే రసీదు మీద తేదీ, పూట, వరుస నంబరు మూడూ చూచుకోవడం సభ్యుని హక్కు.

మీ సంఘంలో ఈ ఏర్పాటు ఉన్నదో లేదో పరీక్షించడానికి ఒక సాయంత్రం సేకరణ ముగిసిన తరువాత కార్యదర్శి, ఇద్దరు సభ్యులు కూర్చోండి. ముందు ఖాతాకు నకలు తీసి విడిగా పెట్టండి. పరీక్ష కోసం కేటాయించిన నంబరు మీద ఒక లీటరు పద్దు వేసి, రసీదు బయటకు వస్తుండగా ప్లగ్గు తీసి, నిమిషం తరువాత పెట్టండి. ఎవరూ ముట్టుకోకుండా ఎన్ని నిమిషాలకు సిద్ధమైనదో గడియారం చూసి రాసుకోండి. ఆ లీటరు ఖాతాలో ఒకసారి ఉన్నదా, రెండుసార్లు ఉన్నదా, అసలు లేదా చూడండి. తరువాత ఎనలైజరు వైరు ఊడదీసి, గడువు దాటాక ఏమవుతుందో చూడండి. ఆ కాగితం మీద ముగ్గురూ సంతకం చేసి, ప్రోగ్రాము అమ్మినవారికి ఒక ప్రతి ఇచ్చి, మరొకటి సంఘం ఫైలులో ఉంచుకోండి.