వడ్లు ఆరే రోడ్ల మీద రోడ్‌బైక్

కోరుట్ల నుంచి జగిత్యాలకు 63వ నంబరు జాతీయ రహదారి మీద పాతిక కిలోమీటర్లు. ఈ దూరానికి హైబ్రిడ్ సైకిల్‌కు వంక పెట్టలేం. హ్యాండిల్ తిన్నగా ఉంటుంది, నడుం వంచే పని లేదు, 35 నుంచి 40 మిల్లీమీటర్ల టైర్లు చిన్న గుంతల్ని లెక్కచేయవు. నేను ఏళ్ల తరబడి దాని మీదే తిరిగాను. వేములవాడ మీదుగా సిరిసిల్ల దాకా పోవడం మొదలుపెట్టాకే దాని హద్దు తెలిసింది. మిడ్‌మానేరు జలాశయం వైపు నుంచి ఎదురుగాలి అందుకుందంటే ఎంత తొక్కినా బండి సాగదు. అప్పుడే రోడ్‌బైక్‌కు మారాను.

సైకిల్ తేలికైతే వేగం అదే వస్తుందని చాలామంది అనుకుంటారు. రెంటికీ బరువు తేడా మూడు నాలుగు కిలోలే. అసలు అడ్డు గాలి. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది, దాన్ని తోసుకుపోవడానికి కాళ్లు పెట్టాల్సిన శక్తి ఎనిమిదింతలు. ఆ గాలికి ఎదురు నిలిచేది సైకిల్ కంటే మన ఛాతీ. రోడ్‌బైక్ హ్యాండిల్ కిందికి వంగి ఉండేది ఛాతీని దించడానికే. మొదటి నెల మెడ, అరచేతులు నొప్పి పెడతాయి. హ్యాండిల్ ఎత్తు, సీటు దూరం మన ఒంటికి సరిచేయించుకుంటే ఆ నొప్పి చాలావరకు పోతుంది.

ఇక మన రోడ్ల సంగతి. వానాకాలం, యాసంగి కోతలప్పుడు సగం రోడ్డు వడ్లదే. కల్లాలు చాలక ఆరబోసుకునే రైతును తప్పుపట్టను, ఆ పంటే మన బువ్వ. కానీ గింజల మీద సన్న టైరు జారుతుంది. వడ్లు కనబడగానే తొక్కడం ఆపాలి, వేగం ముందే తగ్గించుకోవాలి. గింజల మీదికి వచ్చాక ముందు బ్రేకు ముట్టొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు, నేరుగా దాటాలి. చీకట్లో కుప్పల మీది నల్ల టార్పాలిన్లు, వాటి అంచున పెట్టిన రాళ్లు దగ్గరికి వచ్చేదాకా కనబడవు. అందుకే కోతల కాలంలో నేను తెల్లారాకే బయల్దేరుతాను.

రోడ్డు పక్క మట్టిలోకి దిగితే పల్లేరు కాయలు గుచ్చుకుని పంక్చర్ అవుతుంది. చాలా రోడ్‌బైక్‌ల ట్యూబుకు సన్న వాల్వు ఉంటుంది, పంక్చర్ షాపు గాలి గొట్టం దానికి పట్టదు. గోరంత ఇత్తడి అడాప్టర్ ఒకటి, చిన్న పంపు ఒకటి, స్పేర్ ట్యూబు ఒకటి వెంట ఉండాల్సిందే.

బజారుకూ, బడికీ, పొలానికీ అయితే హైబ్రిడ్ చాలు, మార్చకండి. 200 కిలోమీటర్ల బ్రెవేకు, అంటే గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణానికి, ఇచ్చే సమయం 13 గంటల 30 నిమిషాలు, అది హైబ్రిడ్ మీదా పూర్తిచేయవచ్చు. వారం వారం దూరాలు తొక్కేవాళ్లకే రోడ్‌బైక్ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. అలా కొనేవాళ్లు ఫ్రేము మెరుపు చూసి మోసపోవద్దు. కొండగట్టు ఘాట్ ఎక్కాలంటే వెనక పెద్ద పళ్లచక్రం 32 పళ్లకు తగ్గకూడదు, దిగాలంటే డిస్క్ బ్రేకు మేలు. అన్నింటికంటే ముందు ఎంత వెడల్పు టైరు పడుతుందో షాపులో అడగండి. 32 మిల్లీమీటర్ల టైరు పట్టని ఫ్రేము మన రోడ్లకు పనికిరాదు.