ఇటాలియను క్రియలందలి ఊనిక

తెలుగును ప్రాగ్దేశపు ఇటాలియను భాష యందురు. రెంటను పదములు అచ్చులతో ముగియుట మెండు. కాని మనము హ్రస్వదీర్ఘములచే అర్థభేదము తెలుపుదుము. వారు అక్షరముపై ఊనికచే తెలుపుదురు.

నేనా భాష నేర్చుదినములలో "మాటలాడుచున్నాను" అనుటకు "పర్లొ" అంటిని. "ఎవరు?" అని గురువుగా రడిగిరి. ఆ పదము పర్-లొ యని విడును. రేఫ ముందరి యక్షరమునకు చేరును. సంయుక్తాక్షరమునకు ముందున్నది గురువగు మన ఛందోన్యాయమే యిది. మొదటి యక్షరమును నొక్కిన "నేను మాటలాడుచున్నాను". రెండవదానిని నొక్కిన "అతడు మాటలాడెను". నేను రెండవదానిని నొక్కితిని. నా మాట పరుని మాటయైనది!

"క-పి-త-నొ" చూడుడు. మొదట నొక్కిన "సంభవించుచున్నవి", మూడవచోట "సేనాని", కడపట "నాయకత్వము వహించెను". వ్రాతలో కడపటి యూనికకే గుర్తు తప్పనిసరి. తక్కినవి వినియే నేర్వవలెను.

వర్తమానమున నొక సూత్రము కలదు. నేను, నీవు, అతడు, వారు అనువానికి ఊనిక సాధారణముగా ధాతుభాగముపై నిలుచును. మేము, మీరు అనువానికి ప్రత్యయముపైకి జరుగును. "వారు మాటలాడుచున్నారు" అనుటకు పర్-ల-నొ, ఊనిక మొదటనే. "మేము" అనుటకు పర్-ల్య-మొ, ఊనిక నడుమ.

కావున పరభాషను కంటికంటె ముందు చెవితో చదువవలెనని నా మనవి.