వార్తల్లో పదం: మాండేటరీ డిస్‌క్లోజర్

చౌడేపల్లె పిల్లలు ఇంజినీరింగ్‌కు మదనపల్లె వైపో కుప్పం వైపో చూస్తారు. కాలేజీల ప్రచారంలో పెద్దక్షరాల్లో ఉండేది ‘హయ్యెస్ట్ ప్యాకేజీ’. అది ఒక్కరికొచ్చిన జీతం. మిగతావాళ్ల సంగతి ఎక్కడ దొరుకుతుంది?

సాంకేతిక విద్యా సంస్థలు ఫీజులు, అధ్యాపకుల వివరాలు, ప్లేస్‌మెంట్లు తమ వెబ్‌సైట్లో పెట్టి తీరాలన్నది అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) నిబంధన. అదే మాండేటరీ డిస్‌క్లోజర్. సాధారణంగా హోం పేజీ అడుగున, చిన్నక్షరాల్లో ఉంటుంది!

అందులో సగటు జీతం చూసి మురిసిపోవద్దు. పదిమందిలో ఒకరికి 40 లక్షలు, తొమ్మిదిమందికి మూడేసి లక్షలు వస్తే సగటు 6.7 లక్షలు. ఆ జీతం అందులో ఒక్కరికీ లేదు. 2016 నుంచి కాలేజీలకు ర్యాంకులిస్తున్న కేంద్ర ప్రభుత్వ విధానం ఎన్ఐఆర్ఎఫ్ అందుకే మధ్యస్థ జీతం, అంటే జీతాలను వరుసగా పేర్చితే నడిమధ్య ఉండేది, అడుగుతుంది. ఈ లెక్కన అది 3 లక్షలే. ఎందరు చేరారు, గడువులో ఎందరు పాసయ్యారు, ఎందరికి ఉద్యోగాలొచ్చాయి అన్నవీ ఎన్ఐఆర్ఎఫ్‌కు కాలేజీ ఇచ్చే పట్టికలోనే ఉంటాయి. మధ్యస్థ జీతం ఉద్యోగం దొరికినవాళ్లదే కాబట్టి ఆ అంకెలూ కలిపి చదవాలి.

అమెరికా ప్రభుత్వం 2013లో తెచ్చిన ‘కాలేజ్ స్కోర్‌కార్డ్’ ఖర్చునూ సంపాదననూ ఒకేచోట చూపిస్తుంది. మన దగ్గర ఎన్ఐఆర్ఎఫ్‌లో చేరడం కాలేజీల ఇష్టం, ఈ అంకెలిచ్చేదీ అవే.