కోడె - నక్షత్రం కోట

పిల్లలూ! మా తమ్ముడు ఉద్యోగం మూలాన హాలెండు దేశంలో ఉంటున్నాడు. కిందటి ఏడు వాడు తన పిల్లలను నార్డెన్ అనే ఊరు చూపించడానికి తీసుకుపోయాడు. ఆమ్‌స్టర్‌డామ్ నగరానికి ఆ ఊరు ఇరవై కిలోమీటర్ల దూరం. అక్కడినుంచి మాకొక బొమ్మ పంపాడు. ఆకాశంలోంచి చూస్తే ఊరు ఎలా కనిపిస్తుందో ఆ బొమ్మ. ఊరంతా ఒక నక్షత్రం! చుట్టూ నీళ్ళు, నీళ్ళలో పచ్చని ముక్కులు, మధ్యలో ఇళ్ళూ, చర్చీ.

మా అమ్మాయికి పదేళ్ళు. ఆ బొమ్మ చూసినప్పటినుంచీ దాని ప్రాణం దానిమీదే ఉన్నది.

"బాపూ, మనం యూరప్ ఎప్పుడు పోతాం?" అని అడిగింది.

విమానం టిక్కెట్ల సంగతి దానికి ఏం చెప్పేది? "దసరా సెలవులకు వేములవాడ పోదాం. నాయనమ్మ మొక్కు ఉన్నది," అన్నాను. అది మూతి ముడుచుకున్నది.

నేను ఒక కాగితం మీద కార్యక్రమం రాశాను. పొద్దున రాజన్న దర్శనం, ధర్మగుండం, భీమేశ్వరాలయం, మధ్యాహ్నం సిరిసిల్ల మగ్గాలు, సాయంకాలం కొండగట్టు, రాత్రికి జగిత్యాల. ఇంట్లో చిన్నపిల్లలున్నవారు ఈ కాగితం చూస్తే నవ్వుతారు. నాకు అప్పటికి ఆ తెలివి లేదు.

మేము వెళ్ళినది సోమవారం. గుడి జనంతో కిటకిటలాడుతున్నది. వరసలో నిలబడి ఊరికే ఉండలేక నేను పిల్లలకు చరిత్ర మొదలుపెట్టాను. వేములవాడ ఒకప్పుడు చాళుక్య రాజులలో ఒక శాఖకు రాజధాని అనీ, ఆ వంశపు అరికేసరి ఆశ్రయంలో ఉండే పంపకవి కన్నడంలో భారతం రాశాడనీ చెప్పాను. అమ్మాయి ఆవులించింది. ఐదేళ్ళ మావాడు నిలబడే నిద్రపోయాడు.

వాడికి మెలకువ వచ్చింది కోడె దగ్గర. పిల్లలు పుట్టాలనో, రోగం నయం కావాలనో, పంట పండాలనో మొక్కుకున్నవారు ఇక్కడ కోడెను తాడు పట్టి నడిపించి, గుడి చుట్టూ తిప్పి కట్టేస్తారు. దానినే కోడె మొక్కు అంటారు. మా అమ్మ తాడు పట్టుకున్నది. మావాడు భయపడుతూనే చెయ్యి చాచి కోడె మెడ కింద వేలాడే గంగడోలు ముట్టుకున్నాడు. అంత పెద్ద జంతువుకు అంత మెత్తని చర్మం ఉంటుందని వాడు అనుకోలేదు. ఇక కదలడే! అది నెమరువేస్తుంటే తానూ నోరు ఆడిస్తున్నాడు. తోక ఊపితే తానూ నడుము ఊపుతున్నాడు.

నేను గడియారం చూసుకున్నాను. అరగంటకు సిరిసిల్ల పోయింది. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన ఊరు చూపించలేకపోయానే అని బాధపడ్డాను. ఇంకో అరగంటకు కొండగట్టు కూడా పోయింది. వాణ్ణి రెక్క పట్టుకుని లాగబోయాను. వాడు రాగం తీశాడు.

"వాడు చూస్తనే ఉన్నడు గదరా, ఇంకేం చూపిస్తవు?" అన్నది మా అమ్మ.

నేను కాగితం మడిచి జేబులో పెట్టాను.

రాత్రికి జగిత్యాల చేరి, మర్నాడు పొద్దున్నే కోటకు వెళ్ళాం. కొండమీద కోటలు మీరు చూసే ఉంటారు. ఇది అలాంటిది కాదు. చదునైన నేలమీద, చుట్టూ లోతైన కందకంతో, మరీ ఎత్తులేని లావుపాటి గోడలతో ఉంటుంది. గోడ తిన్నగా పోదు. ముందుకు పొడుచుకువచ్చి, మళ్ళీ లోపలికి తిరుగుతుంది. కొంచెం దూరం నడిచాక మా అమ్మాయి ఆగిపోయింది.

"బాపూ! ఇది కాక పంపిన బొమ్మలెక్కనే ఉన్నది!"

నిజమే. ఇదీ నక్షత్రమే. 1747లో ఇబ్రహీం ఖాన్ ధంసా దీనిని యూరప్ పద్ధతిలో కట్టించాడు. జాక్, టాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్లు కట్టారనీ, వాళ్ళ పేర్లు కలిసి జగిత్యాల అయిందనీ చెప్పుకుంటారు. జగ్గదేవుడి పేరుమీద ఆ పేరు వచ్చిందనేవారూ ఉన్నారు. నాకు ఈ రెండో మాటే నమ్మదగినదిగా తోస్తుంది.

"అయితే ముక్కులు ఎందుకు పెట్టారు? అందానికా?" అని అడిగింది అమ్మాయి.

అందానికి కాదు. 1494లో ఫ్రాన్సు రాజు ఎనిమిదో చార్లెస్ కొత్తరకం కంచు ఫిరంగులతో ఇటలీ మీదికి దండెత్తాడు. అంతకుముందు నెలల తరబడి నిలిచే ఎత్తయిన రాతిగోడలు ఇనుపగుండ్ల దెబ్బకు చూస్తూండగా కూలాయి. అప్పుడు ఇటలీ ఇంజనీర్లు గోడలను పొట్టిగా, లావుగా కట్టి, వెనుక మట్టి నింపారు. గుండు వచ్చి మట్టిలో కూరుకుపోతుంది.

ఇక ముక్కుల సంగతి మీరే ఇంట్లో చేసి చూడవచ్చు. కాగితం మీద పెద్ద చతురస్రం గీసి, నాలుగు మూలలా నాలుగు రూపాయి బిళ్ళలు పెట్టండి. గీతలు గోడలు, బిళ్ళలు గుండ్రని బురుజులు. బురుజుపై సిపాయికి సరిగ్గా తన కాళ్ళకింద, గోడ పాదాన దాగిన శత్రువు కనపడడు. వంగి చూశాడా, అవతలివాడు కొడతాడు. అందువల్ల ఒక బురుజు పాదాన్ని అటూ ఇటూ ఉన్న బురుజులవాళ్ళే కాపాడాలి. పక్కబిళ్ళ గోడను కలిసే చోటునుంచి బయలుదేరి, ఈ బిళ్ళ బయటి అంచును తాకుతూ పోయే గీత గీయండి. రెండో పక్కబిళ్ళనుంచీ అలాగే ఇంకొకటి గీయండి. రెండు గీతలూ బిళ్ళకు బయట ఒకచోట కలుస్తాయి. ఆ గీతలకూ బిళ్ళకూ మధ్య చిన్న మూల మిగిలింది, చూశారా? ఆ మూలకు ఏ సిపాయి చూపూ చేరదు. శత్రువు వచ్చి అక్కడే కూర్చుని గోడకు కన్నం వేస్తాడు.

ఇంజనీర్లు ఏం చేశారు? ఆ మూలను కూడా రాయీ మట్టీ పోసి బురుజులో కలిపేశారు! దాక్కునే జాగా లేకుండా పోయింది, బురుజుకు ముక్కు వచ్చింది. ముక్కులన్నీ చేరి కోట నక్షత్రమయింది.

ఇదంతా నేను పుల్లతో నేలమీద గీసి చెప్పాను. అమ్మాయి నమ్మలేదు. నాయనమ్మ సంచిలోంచి దారం తీసుకుని, తానే నాలుగు రాళ్ళు పేర్చి, దారం లాగి చూసుకున్నది. అప్పుడు నమ్మింది. మావాడి చెయ్యి మాత్రం నేను వదలలేదు. పాత గోడల అంచులకు, కందకం దగ్గరికి చిన్నవాళ్ళను ఒంటరిగా పోనివ్వరాదు.

ఇంటికి రాగానే అమ్మాయి హాలెండుకు ఫోను చేసింది.

"అన్నా, మీ కోటకు ముక్కులెందుకో తెలుసా?"

తెలియదన్నాడు. అరగంటసేపు రూపాయి బిళ్ళల పాఠం చెప్పింది. మా తమ్ముడు వచ్చే ఆదివారం పిల్లల్ని మళ్ళీ అదే ఊరికి తీసుకుపోవలసివచ్చింది! ఆ సాయంకాలం అక్కడినుంచి ఫోను వచ్చింది. నార్డెన్‌కు ఆరు బురుజులట. 1672లో ఫ్రెంచి సైన్యం ఆ ఊరిని పట్టుకున్నదట. మర్నాటి ఏడు డచ్చివారు దానిని తిరిగి గెలుచుకుని, ఆ తరవాత కోటను ఇలా కట్టుకున్నారట.

"మాకు రెండు కందకాలు ఉన్నాయి, ఒకటి కాదు!" అన్నాడు వాడు.

మా అమ్మాయికి ఏమనాలో తోచలేదు. ఇంతలో చిన్నవాడు ఫోను లాక్కున్నాడు.

"అన్నా, అక్కడ కోడె ఉన్నదా?"

"కోడె లేదురా. కందకం అవతల ఆవులు మేస్తున్నాయి."

మావాడు కాసేపు ఆలోచించి, "అయితే మంచి కోటే," అన్నాడు.