ఊపిరి చప్పుడు: స్టెతస్కోపు చెప్పేది, చెప్పనిది

డాక్టరు వీపు మీద స్టెతస్కోపు ఆనించి విని, "ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి" అంటే ఇంటిల్లిపాదీ కుదుటపడతారు. రెండు శతాబ్దాల సేవతో ఆ పరికరం సంపాదించుకున్న నమ్మకం అది. కానీ అందులో సగానికే ఆధారం ఉంది. స్టెతస్కోపులో వినిపించిన తేడా చప్పుడును ఎప్పుడూ కొట్టిపారేయకూడదు. ఏ తేడా చప్పుడూ వినిపించనంత మాత్రాన జబ్బు లేదని మాత్రం తీర్మానించకూడదు. ఇది ఎందుకో తెలియాలంటే ఆ పరికరం పుట్టుకనూ, ఊపిరి చప్పుడు పుట్టే తీరునూ చూడాలి. మనిషి ఛాతీతో పాటు గుర్రం ఛాతీనీ పరిశీలించాలి. "గట్టిగా ఊపిరి తీసుకో" అంటే మనిషి తీసుకుంటాడు, గుర్రం తీసుకోదు. అందుకే ఊపిరి చప్పుడును వినడంలో ఉన్న అసలు చిక్కు గుర్రం దగ్గరే స్పష్టంగా బయటపడుతుంది.

1816లో పారిస్‌లోని నెకర్ ఆసుపత్రిలో రెనే లెనెక్ అనే వైద్యుడి ముందు గుండెజబ్బు లక్షణాలున్న ఒక యువతి ఉంది. ఒళ్లు భారీగా ఉండటంతో ఛాతీ మీద వేళ్లతో తట్టి చూస్తే ఏమీ తేలలేదు. నేరుగా చెవి ఆనించి వినడం మర్యాద కాదు. ఒక దూలం చివర సూదితో గీరితే రెండో చివర చెవి పెట్టినవారికి స్పష్టంగా వినిపిస్తుందన్న సంగతి ఆయనకు గుర్తుకొచ్చింది. కాగితాల దొంతరను గట్టిగా చుట్టి ఒక కొస ఆమె ఛాతీకి, మరో కొస తన చెవికి ఆనించాడు. చెవి పెట్టి విన్నప్పటికన్నా గుండె చప్పుడు తేటగా వినిపించింది. తర్వాత సుమారు 30 సెంటీమీటర్ల చెక్క గొట్టాన్ని తానే తరిమెన పట్టి చేసుకున్నాడు. గొట్టం కనిపెట్టడం ఒక ఎత్తు, ఆ తర్వాత చేసిన పని ఒక ఎత్తు. బతికి ఉండగా రోగి ఛాతీలో ఏ చోట ఏ చప్పుడు విన్నాడో రాసుకున్నాడు. ఆ రోగి చనిపోతే శవపరీక్షలో అదే చోట ఏముందో చూశాడు. క్షయ తొలిచిన గుల్ల, నిమ్ముతో గట్టిపడిన భాగం, పొరల మధ్య చేరిన నీరు, ఒక్కోదానికీ ఒక్కో చప్పుడును అలా జతచేసి 1819లో గ్రంథం వెలువరించాడు. 1826లో, 45వ ఏట, ఆయన్ని క్షయే పొట్టన పెట్టుకుంది. తర్వాతి వారు గొట్టానికి మార్పులు చేశారు. 1851లో ఆర్థర్ లీరెడ్ రెండు చెవులతో వినే నమూనా చూపించాడు. మరుసటి ఏడు న్యూయార్క్‌లో జార్జ్ కామన్ దాన్ని వాడుకకు అనువుగా తీర్చాడు. కానీ చప్పుడుకు విలువ తెచ్చింది గొట్టం కాదు, చప్పుడును కళ్లతో చూసిన సాక్ష్యంతో ముడిపెట్టిన ఆ క్రమశిక్షణ.

లెనెక్ ఒక విషయంలో పొరబడ్డాడు. మామూలు ఊపిరి చప్పుడు ఊపిరితిత్తుల చివరనున్న గాలి తిత్తుల్లో పుడుతుందనుకున్నాడు. నిజానికి అంత లోపలికి చేరేసరికి గాలి కదలిక దాదాపు ఆగిపోతుంది, కదలిక లేని గాలికి చప్పుడు ఉండదు. గాలి వేగంగా సుడులు తిరిగే పెద్ద గొట్టాల్లో చప్పుడు పుడుతుంది. గాలితో నిండిన మెత్తని ఊపిరితిత్తి అందులోని సన్నని స్వరాలను మింగేసి, మొద్దు స్వరాలనే ఛాతీ గోడకు చేరనిస్తుంది. నిమ్ము చేసి ఆ భాగం గట్టిపడితే ఆ వడపోత పోయి, గొట్టాల చప్పుడు కరుకుగా పైకి తేలుతుంది. దారి ఇరుకై గోడలు అదిరితే పిల్లికూతలు వస్తాయి. మూసుకున్న సన్నని దారులు ఊపిరి లోపలికి తీసినప్పుడు ఒక్కసారిగా తెరుచుకుంటే చిటపటలు వస్తాయి. ఒక్కో చిటపట సెకనులో యాభయ్యో వంతు కన్నా తక్కువ సేపే ఉంటుంది. వీటన్నిటికీ మూలం ఒక్కటే: గాలి కదలాలి. కదలిక చాలనప్పుడు జబ్బు లోపలే ఉన్నా చప్పుడు బయటికి రాదు.

ఇప్పుడు గుర్రాన్ని చూద్దాం. దాని ఊపిరితిత్తులు మూపు వెనక నుంచి డొక్క దాకా, పక్కటెముకల కింద ఏటవాలుగా పరుచుకుని ఉంటాయి. దౌడు తీసేటప్పుడు నిమిషానికి వెయ్యి లీటర్లకు పైగా గాలిని పీల్చి వదిలే జీవి అది. అలాంటిది నిలకడగా నిలబడినప్పుడు నిమిషానికి 8 నుంచి 16 సార్లు మాత్రమే, నింపాదిగా ఊపిరి తీస్తుంది. ఛాతీ గోడ మందం, ఊపిరి మందగమనం. ఆరోగ్యంగా ఉన్న గుర్రానికీ, ఊపిరితిత్తులు చెడిన గుర్రానికీ ఆ స్థితిలో తేడా తెలియకపోవచ్చు. అందుకని పశువైద్యులు ఒక ఉపాయం చేస్తారు. ముక్కుపుటాలను కప్పేలా పెద్ద ప్లాస్టిక్ సంచిని కాసేపు తొడుగుతారు. వదిలిన గాలినే మళ్లీ పీల్చడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి, గుర్రం తనకు తెలియకుండానే లోతుగా ఊపిరి తీస్తుంది. సంచి తీసేశాక వచ్చే పెద్ద పెద్ద శ్వాసల్లో అంతదాకా దాగిన పిల్లికూతలు, చిటపటలు బయటపడతాయి. ఆ వేళ దగ్గినా, తేరుకోవడానికి ఎక్కువసేపు పట్టినా అదీ ఒక ఆనవాలే. అప్పటికే ఆయాసపడుతున్న గుర్రానికి మాత్రం సంచి తొడగకూడదు. స్టెతస్కోపు అదే, చెవి అదే, గుర్రం అదే. మారింది ఊపిరి లోతు ఒక్కటే.

నిశ్శబ్దం ఎంత మోసం చేయగలదో మనుషుల్లోనూ చూడవచ్చు. ఉబ్బసం బాగా ముదిరినప్పుడు పిల్లికూతలు ఎక్కువ కావు, ఆగిపోతాయి. కూత పుట్టడానికి చాలినంత గాలి కూడా కదలడం లేదన్నమాట. ఆ నిశ్శబ్దం ప్రాణాపాయానికి గుర్తు. గుర్రాల్లోనూ ఇంతే. సుదూర ప్రయాణంలో తల పైకి కట్టి ఉంచిన గుర్రం తల వంచలేక, గొట్టాల్లోని కఫాన్ని బయటికి పంపలేక నిమ్ము బారిన పడవచ్చు. దాంతో ఛాతీలో నీరు చేరితే పైభాగాన చప్పుడు వినిపిస్తుంది, కింద ఏమీ వినిపించదు. ఎండుగడ్డి ధూళి వల్ల గుర్రాలకు వచ్చే ఉబ్బసం తొలిదశలో ఉంటే సంచి తొడిగినా ఏ తేడా తెలియకపోవచ్చు. అప్పుడు ఊపిరి గొట్టాలను కడిగిన ద్రవంలో కణాలను పరీక్షించాలి. ఉన్నట్టుండి వచ్చే ఊపిరితిత్తుల జబ్బుల విషయంలో పెద్దవాళ్లపై జరిగిన అధ్యయనాలను కలిపి 2020లో విశ్లేషించారు. జబ్బున్న నూరు మందిలో స్టెతస్కోపు 37 మందినే పట్టుకుంది. జబ్బు లేని నూరు మందిలో 89 మందికి లేదనే చెప్పింది. అంటే తేడా చప్పుడు వినిపిస్తే అనుమానం గట్టిపడుతుంది, వినిపించకపోతే అనుమానం తీరదు.

అయితే స్టెతస్కోపును పక్కన పెట్టేయవచ్చు కదా, ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ ఉన్నాయి కదా అని వాదించేవారున్నారు. ఆ వాదన సగం దూరమే వెళుతుంది. ఉబ్బసం రోగి ఎక్స్‌రే తరచూ మామూలుగానే ఉంటుంది, పిల్లికూత మాత్రం అక్కడే ఉంటుంది. ఊపిరితిత్తుల కణజాలం మచ్చకట్టే జబ్బులో వీపు కింది భాగాన వినిపించే సన్నని చిటపటలు, ఎక్స్‌రేలో మచ్చ కనిపించక ముందే హెచ్చరించగలవు. అల్ట్రాసౌండ్ పొరల మధ్య నీటిని చక్కగా చూపిస్తుంది, గాలి నిండిన భాగాన్ని దాటి లోపలికి మాత్రం చూడలేదు. పెద్ద గుర్రం ఛాతీకి ఎక్స్‌రే తీయాలంటే శక్తిమంతమైన యంత్రం కావాలి, అది ప్రతి గుర్రపుశాలలో ఉండదు. పైగా చికిత్స పనిచేస్తోందో లేదో పూటపూటకూ చూడాలంటే స్టెతస్కోపంత తేలికైనది లేదు. ఏ రోగిని ముందుగా ఏ పరీక్షకు పంపాలో తేల్చడంలోనే దాని బలం ఉంది.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బరువైనది. చిన్నపిల్లల నిమ్మును గుర్తించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ స్టెతస్కోపు మీద ఆధారపడలేదు. దగ్గు లేదా ఆయాసం ఉన్న బిడ్డ ఊపిరిని లెక్కపెట్టమంది. రెండు నెలలు నిండి ఏడాది నిండని బిడ్డకు నిమిషానికి 50, ఆపైన ఐదేళ్ల లోపు వారికి 40, అంతకు చేరితే నిమ్మును అనుమానించాలి. డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయేమో చూడమంది. ఇది సరైన నిర్ణయమే. ఊళ్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తకు కళ్లు, గడియారం చాలు. కానీ స్టెతస్కోపు పనికిరాదని దీని అర్థం కాదు, వినడం కన్నా ముందు చూడడం ఉందని అర్థం. డొక్కలు ఎగరేసే గుర్రాన్ని చూసిన పశువైద్యుడు కూడా స్టెతస్కోపు తీయకముందే సగం తెలుసుకుంటాడు. ఒకే చప్పుడును ఇద్దరు వైద్యులు రెండు రకాలుగా చెబుతారన్న విమర్శా నిజమే. చప్పుడును రికార్డు చేసి గీతల రూపంలో చూపే పరికరాలు, కంప్యూటరుతో పోల్చే పద్ధతులు ఆ లోపాన్ని తగ్గించగలవు. అయినా ఊపిరి లోతుగా ఆడకపోతే యంత్రానికీ అందేది ఆ నిశ్శబ్దమే.

అందువల్ల వైద్యులకు ఒక మనవి: చొక్కా మీద నుంచి, ఒకటి రెండు చోట్ల, తేలికపాటి ఊపిరిని విని తీర్పు చెప్పవద్దు. చర్మం మీదనే ఆనించి, నోరు తెరిచి లోతుగా ఊపిరి తీయించి, రెండు వైపులా పోల్చుతూ, ముందూ వెనకా వినండి. గుర్రానికి సంచి తొడిగే ఓపిక మనిషి దగ్గరా అవసరం. రోగులకూ ఒక మాట. డాక్టరు గట్టిగా ఊపిరి తీయమన్నప్పుడు మొహమాటపడకుండా తీయండి, పరీక్షకు అదే ప్రాణం. "ఛాతీ బాగానే ఉంది" అని విన్నా ఆయాసం, జ్వరం, దగ్గు తగ్గకపోతే మళ్లీ వెళ్లండి, మరో పరీక్ష అడగండి.