ఉక్కు పరీక్ష.. మాటల చిక్కు

విశాఖపట్నం: ఇల్లు కట్టుకునేవారు సిమెంటు, ఇసుక గురించి నలుగురినీ వాకబు చేస్తారు. ఇనుము దగ్గరకు వచ్చేసరికి ‘టీఎంటీయే కదా, 500 గ్రేడే కదా’ అన్న రెండు మాటలతో సరిపెట్టుకుంటారు. కడ్డీలతోపాటు ఇచ్చే టెస్ట్ సర్టిఫికెట్ బిల్లుతో కలిసి బీరువాలోకి చేరిపోతుంది. అందులోని ఆంగ్ల పదాలు చూడటానికి ఒకేలా ఉంటాయి. ఒకదాని అంకెను మరొకదానిదిగా భావిస్తే తక్కువ రకం ఇనుము ఎక్కువ రకంగా చెలామణి అయిపోతుంది. పిల్లర్లలో కాంక్రీటు పోశాక లోపలి కడ్డీ ఎలాంటిదో తిరిగి చూసే వీలుండదు.

‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో ఉద్యమించి సాధించుకున్న కర్మాగారం మనది. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైంది. ఇనుము ఇంటి పేరుగా మారిన ఈ నగరంలోనూ పరీక్షల భాష మాత్రం ఇంజినీర్లకే పరిమితమైంది. కాంక్రీటులో వాడే కడ్డీలకు 2008 నాటి ఐఎస్ 1786 ప్రమాణం విధించిన కొలతల ఆధారంగా, తరచూ తికమక పెట్టే పదాల తేడాలు ఇవీ..

టీఎంటీ వేరు.. గ్రేడు వేరు

టీఎంటీ అనేది తయారీ పద్ధతి. ఎర్రగా కాలుతూ రోలింగ్ మిల్లు నుంచి వెలువడే కడ్డీపై ఒత్తిడితో నీరు చిమ్ముతారు. పైపొర ఒక్కసారిగా చల్లబడి గట్టిపడుతుంది. లోపలి వేడి మెల్లగా వెలుపలికి వచ్చి ఆ పొర పెళుసుదనాన్ని తగ్గిస్తుంది. దీంతో పైన గట్టిదనం, లోపల సాగే గుణం రెండూ దక్కుతాయి. అంతేతప్ప టీఎంటీ అన్న మాట కడ్డీ బలమెంతో చెప్పదు. ఆ సంగతి చెప్పేది ఎఫ్‌ఈ 415, 500, 550 వంటి గ్రేడు మాత్రమే.

‘యీల్డ్’.. ‘టెన్సైల్’

అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం ఇక్కడే. కడ్డీని యంత్రానికి బిగించి రెండు వైపులా లాగుతారు. కొంతవరకు సాగినా, వదిలితే యథాస్థితికి వస్తుంది. ఒక హద్దు దాటాక వదిలినా పూర్వపు పొడవుకు రాదు. ఆ హద్దే ‘యీల్డ్ స్ట్రెంగ్త్’. ఈ హద్దు స్పష్టంగా కనిపించని కడ్డీల్లో 0.2 శాతం శాశ్వత సాగుదల మిగిల్చే ఒత్తిడిని లెక్కిస్తారు. దాని పేరు ‘ప్రూఫ్ స్ట్రెస్’. ఇంకా లాగుతూ పోతే తెగేలోపు కడ్డీ భరించే గరిష్ఠ ఒత్తిడి ‘టెన్సైల్ స్ట్రెంగ్త్’, అంటే తన్యతా బలం.

గ్రేడులోని 500 అంకె యీల్డ్‌కు సంబంధించినది, తెగే బలానిది కాదు. ఎఫ్‌ఈ 500 కడ్డీ చదరపు మిల్లీమీటరుకు కనీసం 500 న్యూటన్ల వరకు లొంగకూడదు. 12 మిల్లీమీటర్ల కడ్డీ విషయంలో ఇది సుమారు 5.8 టన్నుల బరువుకు సమానం. తన్యతా బలం కనీసం 545 ఉండాలి. సర్టిఫికెట్‌లో యీల్డ్ 510, టెన్సైల్ 580 అని ఉంటే పెద్ద అంకెను చూపి ‘550 గ్రేడు’ అనుకుంటే పొరపాటే. యీల్డ్ 550 లేనందున అది 500 గ్రేడు కడ్డీయే.

మరో మెలిక ఉంది. ఎఫ్‌ఈ 500లో తన్యతా బలం 545 దాటితే చాలదు. అదే కడ్డీకి పరీక్షలో వచ్చిన యీల్డ్ కంటే కనీసం 8 శాతం ఎక్కువ ఉండాలి. ఒక కడ్డీకి యీల్డ్ 560, టెన్సైల్ 590 వచ్చాయనుకుందాం. రెండూ కనీస పరిమితులను మించాయి. కానీ 560పై 8 శాతం కలిపితే దాదాపు 605. టెన్సైల్ 590 మాత్రమే కాబట్టి ఆ కడ్డీ పరీక్షలో తప్పినట్లే. లొంగడానికీ తెగడానికీ మధ్య వ్యవధి లేని ఇనుము ముందస్తు హెచ్చరిక లేకుండా తెగిపోతుంది. అందుకే ఈ నిబంధన.

ఇక కొన్ని సర్టిఫికెట్లలో ‘న్యూటన్ / చదరపు మిల్లీమీటరు’ అనీ, మరికొన్నిటిలో ‘మెగాపాస్కల్’ అనీ ఉంటుంది. పేర్లు వేరైనా రెండూ ఒకటే. అంకె మారదు.

రెండు శాతాలు ఒకటి కావు

గ్రేడు చివరన ‘డి’ ఉంటే అది ‘డక్టిలిటీ’కి సంకేతం. పాఠ్యపుస్తకాల భాషలో తాంతవత. అంటే విరగకుండా సాగే గుణం. దీన్ని ‘ఎలాంగేషన్’ శాతంతో కొలుస్తారు. ఎఫ్‌ఈ 500కు ఇది కనీసం 12 శాతం కాగా, ఎఫ్‌ఈ 500డికి 16 శాతం. 16 మిల్లీమీటర్ల కడ్డీపై 80 మిల్లీమీటర్ల మేర గుర్తు పెట్టి లాగితే, తెగేసరికి ఆ భాగం మొదటి రకంలో కనీసం 9.6, రెండో రకంలో 12.8 మిల్లీమీటర్లు సాగి ఉండాలి. ‘డి’ రకానికి టెన్సైల్ సైతం యీల్డ్ కంటే 10 శాతం ఎక్కువగా, 565కు తగ్గకుండా ఉండాలి. గంధకం, భాస్వరం పరిమితులూ దీనికి కఠినం. భూకంపం వంటి కుదుపుల్లో భవనాన్ని కాపాడేది బలం ఒక్కటే కాదు, ఈ సాగుదల కూడా.

‘డి’ రకాల సర్టిఫికెట్‌లో మరో శాతం కనిపిస్తుంది. అది గరిష్ఠ బలం వద్ద మొత్తం సాగుదల. దీని కనీస పరిమితి 5 శాతమే. తెగాక కొలిచేది ఒకటి, తెగకముందు కొలిచేది మరొకటి. ఒకదాని పరిమితితో మరొకదాన్ని బేరీజు వేయరాదు.

‘బెండ్’.. ‘రీబెండ్’

బెండ్ పరీక్షలో కడ్డీని నిర్ణీత మందం గల గుండ్రని దిమ్మె చుట్టూ 180 డిగ్రీలు వంచి పగుళ్లు వచ్చాయేమో చూస్తారు. రీబెండ్‌లో లోపలి కోణం 135 డిగ్రీలు ఉండేలా వంచి, మరుగుతున్న నీటిలో అరగంట ఉంచి, చల్లారాక వెనక్కు వంచుతారు. పని జరిగే చోట వంపు తిరిగిన కడ్డీని మేస్త్రీ మళ్లీ సరిచేసినప్పుడు ఎదురయ్యే ముప్పును బయటపెట్టేది ఇదే. మొదటిది నెగ్గినంత మాత్రాన రెండోదీ నెగ్గినట్లు కాదు.

‘నామినల్’.. ‘యాక్చువల్’

12 మిల్లీమీటర్లు అనేది ‘నామినల్’ సైజు, అంటే పేరుకు చెప్పే కొలత. దాని ప్రకారం మీటరుకు 0.888 కిలోలు, 12 మీటర్ల కడ్డీకి సుమారు 10.66 కిలోలు ఉండాలి. కాటాపై తేలేది ‘యాక్చువల్’ బరువు. ఈ రెంటి మధ్య అనుమతించే తేడాయే ‘టాలరెన్స్’. ఈ సైజులో లాట్ మొత్తానికి అది 5 శాతం అటూ ఇటూ. కడ్డీలను లెక్కపెట్టి కొనేవారికి తూకం తగ్గితే సొమ్మే కాదు, ఇంట్లో ఉండాల్సిన ఇనుమూ తగ్గినట్లే.

యంత్రం ఎంత నమ్మదగినది?

500 చూపాల్సిన యంత్రం మూడుసార్లూ 520 చూపితే దానికి ‘ప్రెసిషన్’ ఉంది, ‘ఆక్యురసీ’ లేదు. ఫలితాలు ఒకదానికొకటి దగ్గరగా ఉండటం మొదటిది, అసలు విలువకు దగ్గరగా ఉండటం రెండోది. అలాగే ‘కేలిబ్రేషన్’ అంటే మరమ్మతు కాదు. యంత్రం చూపే విలువను ప్రామాణిక కొలతతో పోల్చి, తేడా ఎంతో నమోదు చేయడం. ఆ తేడాను సరిదిద్దడం ‘అడ్జస్ట్‌మెంట్’. అది వేరే పని.

సంస్థల గుర్తింపులోనూ ఇదే తిరకాసు. ఉత్పత్తి ప్రమాణానికి తగినట్లు ఉందని ధ్రువీకరించడం ‘సర్టిఫికేషన్’. భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చే ఐఎస్‌ఐ గుర్తు ఈ కోవలోది. పరీక్షించే ప్రయోగశాలకు తగిన సామర్థ్యం ఉందని గుర్తించడం ‘అక్రెడిటేషన్’. ఎన్‌ఏబీఎల్ చేసే పని ఇది. ప్రయోగశాలకు గుర్తింపు ఉన్నంత మాత్రాన అక్కడ పరీక్షించిన ప్రతి కడ్డీ మంచిదని అర్థం కాదు.

మిల్లు ఇచ్చే టెస్ట్ సర్టిఫికెట్ ఒక హీట్‌కు, అంటే ఒక విడతలో కరిగించి తీసిన ఉక్కుకు వర్తిస్తుంది. ప్రయోగశాల ఇచ్చే టెస్ట్ రిపోర్టు, అక్కడికి పంపిన ముక్కకే వర్తిస్తుంది. పాత హీట్ సర్టిఫికెట్ నకలును కొత్త సరుకుకు జత చేస్తే ఆ కాగితానికి విలువ లేదు.

కొనేముందు ఇవి చూడండి

* కడ్డీపై తయారీదారు గుర్తు, గ్రేడు ఉన్నాయో లేదో పరిశీలించండి. ‘డి’ అక్షరం సర్టిఫికెట్‌తోపాటు బిల్లులోనూ ఉండాలి.
* కట్టకు ఉన్న ట్యాగుపై హీట్ నంబరు, సర్టిఫికెట్‌లోని నంబరు ఒకటేనా అని సరిచూసుకోండి.
* టెన్సైల్‌ను యీల్డ్‌తో భాగించండి. ఎఫ్‌ఈ 500కు 1.08, ఎఫ్‌ఈ 500డికి 1.10 కంటే తగ్గకూడదు.
* ఐఎస్‌ఐ గుర్తు కింద ఉండే సీఎం/ఎల్ లైసెన్సు నంబరును ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో నమోదు చేసి సరిచూసుకోండి.
* ఒక్క కడ్డీనైనా మీ ఎదుటే తూకం వేయించండి.
* సందేహముంటే స్లాబు పనులు మొదలుకాకముందే నమూనాను గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపండి.