ముద్ర దస్తావేజుకే, హక్కుకు కాదు

ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మేశాడన్న వార్త వచ్చినప్పుడల్లా జనం అడిగే ప్రశ్న ఒకటే: ‘రెండోసారి సబ్‌రిజిస్ట్రార్ ఎలా రిజిస్టర్ చేశాడు?’ ఆ కోపం సహజమే. కానీ ఆ ప్రశ్న వెనక ఒక నమ్మకం ఉంది. అమ్మేవాడికి ఆస్తి మీద హక్కుందో లేదో సబ్‌రిజిస్ట్రార్ విచారించి, తేల్చుకుని, అప్పుడే ముద్ర వేస్తాడని మనం అనుకుంటాం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఆయనకు ఆ పని అప్పగించలేదు. వచ్చినవాళ్లు వాళ్లేనా, సంతకం తమదేనని ఒప్పుకుంటున్నారా, ఆస్తిని గుర్తుపట్టేలా వివరాలున్నాయా, స్టాంపు సుంకం సరిపోయిందా అన్నవే ఆయన ప్రధానంగా చూస్తాడు. తమిళనాడులో పాత ఒరిజినల్ దస్తావేజు చూపకపోతే రిజిస్ట్రేషన్ నిరాకరించవచ్చని ఒక నిబంధన ఉండేది. 2025 ఏప్రిల్‌లో కె.గోపి కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అమ్మేవాడి హక్కును తేల్చే అధికారం రిజిస్ట్రేషన్ అధికారికి లేదని స్పష్టంగా చెప్పింది. మన దేశంలో ముద్ర పడేది దస్తావేజుకే తప్ప హక్కుకు కాదన్నమాట. కాబట్టి హక్కును పరిశీలించుకోవలసినవాడు కొనేవాడే. ఆ పరిశీలన రిజిస్ట్రేషన్ నాటికి కాదు, అడ్వాన్సు చేతులు మారకముందే జరగాలి.

అలాగైతే రిజిస్ట్రేషన్ దేనికి అన్న సందేహం వస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం వంద రూపాయలు, అంతకు మించిన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరైన దస్తావేజుతోనే చెల్లుతుంది. నోటరీ కాగితం చాలదు. అగ్రిమెంటు కూడా అమ్ముతానన్న మాటే గాని అమ్మకం కాదు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), అగ్రిమెంటు, వీలునామా మూడూ కలిపి రాయించుకుంటే సుంకం మిగులుతుందన్న అలవాటుకు 2011లో సూరజ్ ల్యాంప్ తీర్పులో సుప్రీంకోర్టు అడ్డుకట్ట వేసింది. అలా రాసుకున్నంత మాత్రాన యాజమాన్యం మారదని తేల్చింది. కాబట్టి రిజిస్ట్రేషన్ లేకుండా హక్కు రాదు. రిజిస్ట్రేషన్ ఒక్కటే ఉన్నా హక్కు రాదు. అమ్మేవాడికి ఎంత హక్కుందో కొన్నవాడికి అంతే వస్తుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తే ఎన్ని ముద్రలు కొట్టించినా ఆ సొమ్ము అత్తదే. రిజిస్టరైన దస్తావేజు సక్రమంగా రాసిందేనని కోర్టులు మొదట భావిస్తాయన్న మాట నిజమే. కానీ అది దస్తావేజు రాసిన తీరు గురించిన అంచనా. రాసిచ్చినవాడు అసలు యజమానేనా అన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

ఈ తేడా కొనేవాళ్ల బుర్రకెక్కకపోవడానికి మనం కట్టే సొమ్ము కూడా ఒక కారణం. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ విక్రయ దస్తావేజు మీద స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి సుమారు ఏడున్నర శాతం పడుతుంది. యాభై లక్షల ఆస్తికి మూడు లక్షల డెబ్బై అయిదు వేలు. అంత కట్టించుకున్న ప్రభుత్వం ఏదో ఒక పూచీ ఇస్తుందనుకోవడంలో తప్పేముంది? కానీ అది పూచీకి చెల్లించే ప్రీమియం కాదు, లావాదేవీ మీద పన్ను. మంచి విశ్వాసంతో చేసిన పనికి రిజిస్ట్రేషన్ అధికారి మీద దావా వేయడానికి వీల్లేదని అదే 1908 చట్టం చెబుతోంది. ప్రభుత్వమే హక్కుకు పూచీపడే పద్ధతి ప్రపంచంలో లేకపోలేదు. దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ 1858లో తెచ్చిన విధానంలో ప్రభుత్వ రిజిస్టర్‌లో పేరున్నవాడే యజమాని. రిజిస్టర్ పొరపాటు వల్ల ఎవరైనా నష్టపోతే పరిహారానికి నిధి ఉండేది. మనకు బ్రిటిష్‌వాళ్లు ఇచ్చి వెళ్లింది ఆ పద్ధతి కాదు, దస్తావేజులకు నకళ్లు భద్రపరిచే పద్ధతి. నకలు భద్రంగా ఉంటుంది. అందులో రాసింది నిజమేనని మాత్రం ఎవరూ పూచీపడరు.

‘ఈసీ తీయించాం, క్లియర్‌గా ఉంది’ అన్నది చాలామంది చెప్పే సమాధానం. ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ తప్పకుండా తీయవలసిందే, కానీ అది ఏం చెబుతుందో, ఏం చెప్పదో కూడా తెలిసి ఉండాలి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకానికి, వీలునామాలు మూడో పుస్తకానికి, సాధారణ జీపీఏల వంటివి నాలుగో పుస్తకానికి ఎక్కుతాయి. ఈసీ ఒకటో పుస్తకాన్ని వెతికి ఇచ్చే జాబితా. అందులో వీలునామా కనబడదు. అసలు వీలునామాను రిజిస్టర్ చేయించడమే తప్పనిసరి కాదు. జీపీఏ ఇచ్చినవాడు చనిపోయాడా, దాన్ని రద్దు చేశాడా అన్నవీ ఈసీలో దొరక్కపోవచ్చు. అన్నదమ్ముల నోటిమాట పంపకం, కోర్టులో నడుస్తున్న దావా, కాగితాలు బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పు కూడా అక్కడికి ఎక్కకపోవచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించుకోవాలి. పైగా సర్వే నంబరు, డోర్ నంబరు, హద్దులు తప్పుగా ఇస్తే ఆ తప్పు ఆస్తికే ఈసీ వస్తుంది. ఖాళీ ఈసీ కనబడగానే సంబరపడకుండా ఎందుకు ఖాళీగా ఉందో అడగాలి.

ఇంతకంటే సూక్ష్మమైన చిక్కు తేదీలది. దస్తావేజు మీద సంతకాలయ్యాక రిజిస్ట్రేషన్‌కు తీసుకురావడానికి చట్టం నాలుగు నెలల గడువిచ్చింది. రిజిస్టరయ్యాక అది అమల్లోకి వచ్చేది ముద్ర పడ్డ రోజు నుంచి కాదు, సంతకాలు చేసిన రోజు నుంచి. జనవరిలో ఒకరికి సంతకం చేసిచ్చినవాడు మార్చిలో మీకు అమ్మి, అదే రోజు రిజిస్టర్ చేయించాడనుకోండి. మొదటివాడు గడువు దాటకుండా ఏప్రిల్‌లో తన దస్తావేజు రిజిస్టర్ చేయించుకుంటే, కాగితం తేదీల ప్రకారం పైచేయి అతనిదే. మీరు కొన్న రోజున ఈసీలో అతని పేరు కనబడే వీలే లేదు. దావా నడుస్తుండగా కొన్నా ఇంతే. కొన్నవాడికి తెలిసినా తెలియకపోయినా ఆ తీర్పు అతన్నీ కట్టిపడేస్తుంది. అందుకే అమ్మేవాడి దగ్గర ఒరిజినల్ లింక్ డాక్యుమెంట్లు, అంటే ఆస్తి చేతులు మారుతూ వచ్చిన పాత దస్తావేజులు, ఉన్నాయో లేదో కళ్లారా చూడాలంటారు లాయర్లు. ఒరిజినల్ లేదంటే అది బ్యాంకులో ఉండి ఉండవచ్చు, ఇంకొకరి చేతిలో ఉండవచ్చు, పోయి ఉండవచ్చు. మూడింటిలో ఏది నిజమైనా మీరు తెలుసుకోవలసిందే.

లింక్ డాక్యుమెంట్లు ముప్పై ఏళ్ల వెనక్కి ఎందుకు చూడమంటారో తెలిస్తే ఆ శ్రమ వృథా అనిపించదు. పరాధీనంలో ఉన్న ఆస్తి కోసం ప్రైవేటు వ్యక్తి దావా వేయడానికి 1963 కాలపరిమితి చట్టం పన్నెండేళ్లు ఇచ్చింది, ప్రభుత్వానికి ముప్పై ఏళ్లు. ఆ గొలుసులో ఎక్కడ లంకె తెగినా ఎవరో ఒకరు తలుపు తట్టే అవకాశం ఉంటుంది. తెలుగునాట ఆ లంకె ఎక్కువగా తెగేది కుటుంబంలోనే. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన వాటాను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985లోనే, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఇచ్చింది. 2005లో కేంద్రం దాన్ని కూతుళ్లందరికీ విస్తరించింది. సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆడపడుచుల సంతకాలు లేకుండా అన్నదమ్ములే అమ్మిన భూమి కొన్నవాడికి ఈ తీర్పులే రేపటి నోటీసులు. మైనర్ వాటాను కోర్టు అనుమతి లేకుండా తల్లిదండ్రులు అమ్మితే, ఆ పిల్లవాడు మేజరయ్యాక మూడేళ్లలోపు దాన్ని కాదనవచ్చు. కాబట్టి దస్తావేజు చదివేటప్పుడు సంతకం చేసినవాళ్ల పేర్లతో సరిపెట్టుకోకూడదు. వంశవృక్షం పక్కన పెట్టుకుని సంతకం చేయనివాళ్ల పేర్లు వెతకాలి.

‘పట్టాదారు పాస్‌పుస్తకం ఉంది, ఆన్‌లైన్‌లో పేరుంది, ఇంకేం కావాలి?’ అని అడిగేవాళ్లుంటారు. రెవెన్యూ రికార్డులో పేరెక్కడం అంటే శిస్తు ఎవరి దగ్గర వసూలు చేయాలో రాసుకోవడమేనని, మ్యుటేషన్ హక్కును పుట్టించదని సుప్రీంకోర్టు 1996లో సవర్ణి కేసులో చెప్పింది. ఆ రికార్డుకు సాక్ష్యంగా బలముంది, అంతిమ తీర్పుగా కాదు. తెలంగాణ అనుభవమే చూడండి. 2020 అక్టోబరులో ధరణి పోర్టల్ వచ్చాక వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే రోజున తహసీల్దార్ ఆఫీసులోనే జరగసాగాయి. వేగం నిజంగానే పెరిగింది. అయితే తప్పు ఎక్కిన రికార్డును సరిచేసుకునే దారి ఇరుకైపోయిందని రైతులు వాపోయారు. 2025లో దాని స్థానంలో వచ్చిన భూభారతి చట్టం అప్పీళ్ల వ్యవస్థను మళ్లీ తెచ్చింది. రికార్డే హక్కయితే దాని మీద అప్పీలు అవసరమయ్యేదే కాదు.

మరో రెండు ధీమాలున్నాయి. ఒకటి, ఆస్తి ‘22-ఏ’ నిషేధిత జాబితాలో లేదు కాబట్టి భయం లేదన్నది. ప్రభుత్వ, అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్ భూముల వంటివాటి రిజిస్ట్రేషన్‌ను ఆపడానికి రిజిస్ట్రేషన్ చట్టంలో ఆ సెక్షన్ ఉంది. జాబితాలో ఉంటే కొనవద్దన్న హెచ్చరిక. లేనంత మాత్రాన కొనవచ్చన్న సర్టిఫికెట్ కాదు, ప్రైవేటు తగాదాలతో దానికి సంబంధమే లేదు. రెండోది, బ్యాంకు లోను ఇచ్చిందంటే టైటిల్ బాగున్నట్టేనన్నది. బ్యాంకు లాయర్ చూసేది బ్యాంకు సొమ్ము భద్రత. ఆయన అభిప్రాయం తప్పని రేపు తేలినా మీ వాయిదాలు ఆగవు. ఆస్తి పోయినా అప్పు మిగులుతుంది. ఫ్లాటు కొనేవాళ్లకు మాత్రం ఒక నిజమైన రక్షణ దొరికింది. 2016 రెరా చట్టం ప్రకారం స్థలం టైటిల్ లోపం వల్ల నష్టపోతే బిల్డర్ పరిహారం ఇవ్వాలి, ఆ దావాకు కాలపరిమితి అడ్డు రాదు. అయితే అప్పటికి బిల్డర్ దగ్గర ఇవ్వడానికి ఏమైనా ఉండాలి కదా.

కాగితాలన్నీ చూశాక ఇంటి గుమ్మం దాకా వెళ్లాలి. ఆస్తిలో ఎవరుంటున్నారో అడగకుండా కొన్నవాడికి, ఉంటున్నవాడి హక్కు తెలిసినట్టే లెక్కని ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. అద్దెకున్నవాళ్లుంటే ఇల్లు ఆ అద్దె ఒప్పందంతో సహా చేతికొస్తుంది. కొత్త ఓనరు వచ్చాడని మర్నాడే ఖాళీ చేయించలేరు. ఆ మనిషి కిరాయిదారా, అగ్రిమెంటు రాయించుకుని సొమ్ము కట్టినవాడా, పన్నెండేళ్లుగా తనదేనంటూ పాతుకుపోయినవాడా అన్నది అక్కడికెళ్లి అడిగితేనే తెలుస్తుంది. అద్దెకుండేవాళ్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ కావాలన్న నిబంధన తప్పించుకోవడానికే పదకొండు నెలల అగ్రిమెంట్లు పుట్టాయి. పదేళ్ల వ్యాపారం పెట్టుకునేవాళ్లు ఆ పదకొండు నెలల కాగితాన్ని నమ్ముకుంటే, ఇల్లు చేతులు మారిన రోజున చూపించడానికి గట్టి ఆధారం ఉండదు.

ఇంత భారం మామూలు మనిషి మీద మోపడం న్యాయమా, ప్రభుత్వమే హక్కుకు పూచీ ఇవ్వాలి కదా అన్నది బలమైన ఆక్షేపణే. సూత్రప్రాయంగా అది సబబు కూడా. కానీ పూచీ ఇవ్వాలంటే ముందు ఎవరిది ఏదో తేల్చాలి, ఆ తేల్చేవాడెవరన్న దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది. ఆంధ్రప్రదేశ్ చేసిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2023 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. హక్కు నిర్ణయం సివిల్ కోర్టుల చేతిలోంచి అధికారుల చేతికి పోతుందని లాయర్లు, రైతులు భయపడ్డారు. అది ఎన్నికల అంశమై, ప్రభుత్వం మారాక 2024లో రద్దయింది. ఆ భయంలో ఎంత నిజముందన్నది వేరే చర్చ. తరతరాలుగా సరిహద్దులు కొలవని, పంపకాలు రాసుకోని చోట రిజిస్టరుకు తుదిమాట హోదా ఇస్తే పాత తప్పులే శాశ్వతమవుతాయి. సర్వే, పంపకాల నమోదు, సరైన అప్పీలు ముందు రావాలి, పూచీ తర్వాత. అవి వచ్చేదాకా కొనేవాళ్లు ఆగరు.

కాబట్టి ఈలోగా చేయదగ్గది పనుల వరుస మార్చుకోవడం. బేరం కుదరగానే టోకెన్ ఇవ్వడం, తర్వాత అగ్రిమెంటు, రిజిస్ట్రేషన్ ముందు రోజున హడావిడిగా లాయర్‌కు ఫోను: ఇదీ ఇప్పటి వరుస. దీన్ని తిరగేసి, టోకెన్ ఇవ్వకముందే లింక్ డాక్యుమెంట్ల నకళ్లు తీసుకుని, మనం పెట్టుకున్న లాయర్ చేత చదివించి, సర్వేయర్ చేత హద్దులు కొలిపించాలి. కోట్లు పెట్టి కొనేటప్పుడు వేల రూపాయల ఫీజు దండగ అనిపిస్తుంది. ఏడున్నర శాతం కట్టడానికి మాత్రం ఎవరూ వెనకాడరు, ఎందుకంటే అది తప్పదు. మొదటి ఖర్చు తప్పించుకోవచ్చు గనకే తప్పించుకుంటాం. కానీ హక్కు గురించి మనకేమైనా చెప్పేది ఆ ఖర్చే. రెండోసారి ఎలా రిజిస్టర్ చేశారని సబ్‌రిజిస్ట్రార్‌ను నిలదీసే రోజు రాకూడదంటే, మీకు ఇది ఎలా వచ్చిందని అమ్మేవాణ్ని ముందే అడగాలి.